విడిగా ఉంటున్న తల్లిదండ్రులు పిల్లల స్కూలు ఫీజు లెక్క తేల్చుకోవడం ఎలా?

ఏటా మే నెల చివరి వారం వచ్చేసరికి నన్ను అందరూ ఒకటే అడుగుతుంటారు. "అక్కా, ఆయన నెలకి పదివేలు వేస్తున్నాడు. ఫీజు అడిగితే అందులోనే కట్టుకోమంటున్నాడు. ఎలా సరిపోతుంది?" అని తల్లులు. "ఫీజు మొత్తం నేనే కడుతున్నా మేడమ్, మళ్ళీ నెలనెలా కూడా ఇవ్వాలా?" అని తండ్రులు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పీ చెప్పీ, ఇక అంతా ఒకచోట రాసిపెడదామని కూర్చున్నాను.

నేను కూకట్‌పల్లి వైపు ఒక ప్రైవేటు స్కూల్లో పదకొండేళ్ళు ఫీజు కౌంటర్లో పనిచేశాను. భర్తకి దూరంగా ఉంటూనే నా కూతుర్ని చదివించాను. లాయర్ని కాను. కేసు వేసేటప్పుడు లాయర్‌తో మాట్లాడుకోవాల్సిందే. కానీ కాగితాలు ఎక్కడ తప్పుతాయో, డబ్బు ఎక్కడ ఆగిపోతుందో కౌంటర్ లోపలి నుంచీ చూశాను, బయటి నుంచీ చూశాను.

ఒకరోజు నాలుగో తరగతి పాప డైరీలో మడిచిపెట్టిన ఫీజు స్లిప్ తీసుకుని నా కౌంటర్ ముందుకి వచ్చింది. అద్దం అవతల దాని నుదురూ కళ్ళే కనపడుతున్నాయి. "డాడీ మమ్మీని అడగమన్నారు, మమ్మీ డాడీని అడగమంది ఆంటీ. నేను ఎవర్ని అడగాలి?" అంది. ఆ స్లిప్ ఎన్నిసార్లు మడిచి విప్పిందో, మడతల దగ్గర అంకెలు చెరిగిపోయి ఉన్నాయి. కింద రాసిందంతా ఆ స్లిప్ పిల్లల చేతికి రాకుండా చూడటం కోసమే.

ముందుగా దగ్గర పెట్టుకోవాల్సినవి

- పిల్లల బర్త్ సర్టిఫికెట్, ఆధార్, స్కూలు ఇచ్చే బోనఫైడ్ సర్టిఫికెట్.
- ఈ ఏడాది ఫీజు స్ట్రక్చర్. స్కూలు లెటర్‌హెడ్ మీద, స్టాంపుతో ఉండాలి. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో చాలదు.
- గత రెండు మూడేళ్ళ ఫీజు రసీదులు. పోగొట్టుకుంటే కంగారు పడకండి. అకౌంట్స్ సెక్షన్‌కి వెళ్ళి "స్టూడెంట్ లెడ్జర్ కాపీ" కావాలని అడగండి. ఏ తేదీన ఎంత కట్టారో, ఎంత బాకీ ఉందో మొత్తం ఒక్క కాగితం మీద వస్తుంది. ఇది ఇస్తారని చాలామంది పేరెంట్స్‌కి తెలియనే తెలియదు.
- బస్సు, పుస్తకాలు, యూనిఫాం, ట్యూషన్ బిల్లులు. చిన్న కాగితాలని పారేయకండి.
- మీ జీతం స్లిప్పులు, మూడేళ్ళ ఐటీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు.
- అవతలి వాళ్ళ సంపాదన గురించి మీకు తెలిసింది: ఎక్కడ పనిచేస్తున్నారు, ఏ హోదా, ఏ బ్యాంకులో జీతం పడేది, పాత ఫామ్ 16 (జీతం, పన్ను లెక్కతో ఆఫీసు ఇచ్చే కాగితం) ఏదైనా ఇంట్లో ఉందా, ఎవరి పేరున ఏ ఫ్లాట్ ఉంది.
- పెళ్ళి రుజువు: సర్టిఫికెట్ లేకపోతే పెళ్ళి పత్రిక, ఫోటోలు.

1. చదువు ఖర్చుని నెల ఖర్చు నుంచి విడదీయండి

గొడవల్లో సగం ఇక్కడే పుడతాయి. నెలకి ఇచ్చే మనోవర్తిలో తిండి, అద్దె, బట్టలు, మందులు ఉంటాయి. అది ప్రతినెలా ఒకేలా ఖర్చవుతుంది. స్కూలు ఫీజు అలా కాదు. జూన్‌లో ఒక్కసారే మీద పడుతుంది, తర్వాత దసరా దగ్గర, మళ్ళీ సంక్రాంతి దగ్గర. రెండూ ఒకే అంకెలో కలిపేస్తే జూన్‌లో ఇంటద్దె ఆపి ఫీజు కట్టాలి, లేదా ఫీజు ఆపి అద్దె కట్టాలి.

ఒక తెల్లకాగితం మీద ఏడాది చదువు ఖర్చు రాయండి. ఉదాహరణకి ఆరో తరగతి పాపకి ఇలా ఉందనుకుందాం:

ట్యూషన్ ఫీజు 1,14,000 (మూడు టర్ములు, ఒక్కోటి 38,000)
బస్సు 30,000
పుస్తకాలు 8,500
యూనిఫాం, బూట్లు 5,500
పరీక్షలు, యాక్టివిటీలు 4,000
మొత్తం 1,62,000

పన్నెండుతో భాగిస్తే నెలకి 13,500. "పదివేలు ఇస్తున్నా కదా, అందులో కట్టుకో" అనే మాటకి ఈ కాగితమే జవాబు. ఇంకా అన్నం, అద్దె ఇందులోకి రానేలేదు.

జాగ్రత్త: డొనేషన్, కాషన్ డిపాజిట్ లాంటివి ఒక్కసారి కట్టేవి. వాటిని ఏటా కట్టే ఖర్చులో కలపకండి. కలిపితే అవతలి లాయర్ మొదట పట్టుకునేది దాన్నే. ఆ ఒక్క తప్పు చూపించి మిగతా లెక్క మీద కూడా అనుమానం పుట్టిస్తారు. కాషన్ డిపాజిట్ తిరిగి వచ్చేదైతే అది ఎవరికి రావాలో విడిగా రాయండి.

2. ఎవరి వాటా ఎంతో తేల్చండి

ఇద్దరూ సంపాదిస్తుంటే సగం సగం అని చాలామంది అనుకుంటారు. న్యాయంగా చూస్తే సంపాదన నిష్పత్తిలో పంచుకోవాలి. 2000లో సుప్రీంకోర్టు ముందుకొచ్చిన ఒక కేసులో తండ్రి జీతం తల్లి జీతానికి సుమారు రెట్టింపు ఉంది. పిల్లల ఖర్చు ఇద్దరూ 2:1 చొప్పున భరించాలని కోర్టు చెప్పింది. 2020 నవంబర్ 4న వచ్చిన రజనీష్ వర్సెస్ నేహా తీర్పులోనూ ఇదే దారి కనిపిస్తుంది. పిల్లల చదువు ఖర్చు మామూలుగా తండ్రి భరించాలి, తల్లి కూడా సరిపడా సంపాదిస్తుంటే నిష్పత్తి ప్రకారం పంచుకోవచ్చు అని. ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

మన ఉదాహరణలో తండ్రికి నెలకి 90,000, తల్లికి 45,000 వస్తుందనుకోండి. అప్పుడు తండ్రి వాటా 1,08,000, తల్లి వాటా 54,000.

కౌంటర్లో కూర్చున్నదాన్ని కాబట్టి ఒక కిటుకు చెప్తాను. చాలా స్కూళ్ళ పోర్టల్స్‌లో ఒక టర్ము ఫీజుని రెండు ముక్కలుగా కట్టడం కుదరదు. "మూడింట రెండు వంతులు నేను, ఒక వంతు నువ్వు" అని రాసుకుంటే ప్రతి టర్ములోనూ ఒకరి కోసం ఒకరు ఎదురుచూడాలి. ఈలోపు లేట్ ఫీజు పడుతుంది. దానికి బదులు టర్ములే పంచుకోండి. మొదటి రెండు టర్ములు, బస్సు తండ్రి కడితే 1,06,000. మూడో టర్ము, పుస్తకాలు, యూనిఫాం, పరీక్షలు తల్లి కడితే 56,000. తేడా 2,000. అది పుస్తకాల లెక్కలో తండ్రి సర్దితే సరిపోతుంది. ఎవరి టర్ము వాళ్ళదే. ఒకరు ఆలస్యం చేశారని రెండోవాళ్ళు ఆగాల్సిన పని ఉండదు.

తల్లికి సంపాదన లేకపోతే ఈ పంపకమంతా అక్కర్లేదు, ఫీజు తండ్రిదే. పిల్లలు తండ్రి దగ్గర ఉండి తల్లికి మంచి ఉద్యోగం ఉంటే ఆమె కూడా వాటా ఇవ్వాలి. హిందూ దత్తత, మనోవర్తి చట్టం, 1956లోని సెక్షన్ 20 తల్లినీ తండ్రినీ ఇద్దర్నీ బాధ్యుల్ని చేస్తుంది.

3. ముందు రాతపూర్వకంగా అడగండి

ఫోన్‌లో అడిగితే గొడవవుతుంది, రుజువూ మిగలదు. ఈమెయిల్ పంపండి, లేదంటే వాట్సాప్ మెసేజ్. పొడుగు వద్దు, పాత విషయాలు అసలే వద్దు. ఇలా ఉంటే చాలు:

"పాప ఆరో తరగతి ఫీజు వివరాలు జతచేస్తున్నాను. మొదటి టర్ము 38,000 జూన్ 15 లోపు కట్టాలి. స్కూలు ఖాతా వివరాలు కింద ఉన్నాయి. మీరు నేరుగా కట్టి రసీదు పంపండి. కట్టడం కుదరకపోతే జూన్ 8 లోపు చెప్పండి."

డబ్బు మీ ఖాతాకి కాకుండా నేరుగా స్కూలుకే కట్టమంటున్నారు చూడండి, "నేనిచ్చిన డబ్బు ఏంచేస్తోందో" అనే అనుమానానికి అక్కడే తెరపడుతుంది. చాలామంది తండ్రులకి ఫీజు కట్టడానికి మనసు ఒప్పుకుంటుంది, ఆ డబ్బు భార్య చేతిలో పెట్టడానికే ఒప్పుకోదు. మీకు కావలసింది ఫీజు కట్టడమైతే ఆ పట్టుదలతో మీరు పోట్లాడక్కర్లేదు.

తండ్రులకి ఒక మాట. "పిల్లాణ్ణి చూపించట్లేదు, అందుకే ఫీజు ఆపేశా" అని రాస్తుంటారు. మీ బాధ నాకు అర్థమవుతుంది. కానీ అది వేరే హక్కు, దానికి వేరే పిటిషన్ ఉంది. ఫీజు ఆపితే చట్టం ముందు మీ వాదన బలహీనపడుతుంది, తరగతిలో పిల్లాడు తలవంచుకుంటాడు. తల్లులకీ ఇదే మాట: ఫీజు రాలేదని తండ్రిని చూడనివ్వకుండా ఆపకండి.

4. ఒప్పందం కుదిరితే మాటమీద వదిలేయకండి

పెద్దమనుషుల్లో కూర్చుని "చదువు ఆయనే చూసుకుంటాడు" అని తేల్చేస్తారు. అందరూ తల ఊపుతారు, టీ తాగి లేస్తారు. రెండేళ్ళ తర్వాత "చదువు అంటే గవర్నమెంట్ స్కూల్ చదువు అనుకున్నా" అంటారు. నా విషయంలో అచ్చంగా ఇదే జరిగింది. ఆరోజు మా పిన్ని ఇంట్లో పదిమంది ఉన్నారు. తర్వాత అడిగితే ఆ పదిమందికీ ఏమన్నారో సరిగ్గా గుర్తులేదు.

ఈ కింది మాటలు వాడుకోండి, మీకు తగ్గట్టు మార్చుకోండి:

"అమ్మాయి చదువు ఖర్చు, అంటే ట్యూషన్ ఫీజు, బస్సు, పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజు, నెలవారీ మనోవర్తికి అదనం. 1, 2 టర్ముల ఫీజు, బస్సు ఫీజు తండ్రి కడతారు. 3వ టర్ము, పుస్తకాలు, యూనిఫాం, పరీక్ష ఫీజు తల్లి కడతారు. గడువుకి 5 రోజుల ముందే నేరుగా స్కూలు ఖాతాకి కట్టి, రసీదు రెండోవారికి ఈమెయిల్ చేయాలి. స్కూలు ఫీజు పెంచితే పెరిగిన మొత్తానికీ ఇదే పంపకం వర్తిస్తుంది. లేట్ ఫీజు పడితే, ఆలస్యం చేసినవారే భరించాలి. స్కూలు మార్చాలంటే ఇద్దరి రాతపూర్వక అంగీకారం కావాలి."

ఫీజు పెంపు వాక్యం మాత్రం వదలొద్దు. ఏటా పది శాతం పెరిగే స్కూల్లో 1,14,000 ట్యూషన్ ఫీజు మూడు పెంపుల తర్వాత 1,51,734 అవుతుంది. ఆరో తరగతిలో రాసుకున్న స్థిరమైన అంకె తొమ్మిదో తరగతికి పాతికశాతం దాకా తగ్గిపోతుంది.

ఇద్దరూ సంతకాలు పెట్టిన కాగితం ఒక్కటే ఉంటే అది సాక్ష్యంగా పనికొస్తుంది, కానీ దాన్ని చూపించి వెంటనే వసూలు చేయలేరు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకుంటుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 13బి పిటిషన్‌లోనే ఈ షరతులన్నీ పెట్టించండి, డిక్రీలోకి, అంటే కోర్టు తుది ఉత్తర్వులోకి వస్తాయి. విడాకులు వద్దనుకుంటే, ఉచిత న్యాయసహాయం ఇచ్చే లీగల్ సర్వీసెస్ అథారిటీ దగ్గర కేసుకి ముందే రాజీకి ప్రయత్నించవచ్చు. లోక్ అదాలత్‌లో రాజీ అయితే ఆ అవార్డు, అంటే అక్కడిచ్చే ఉత్తర్వు, సివిల్ కోర్టు డిక్రీతో సమానం.

ఒకేసారి పెద్ద మొత్తం తీసుకుని "ఇకమీదట పిల్లల ఖర్చు అడగను" అని సంతకం పెట్టమంటే తొందరపడకండి. మనోవర్తి పిల్లల హక్కు, దాన్ని తల్లిదండ్రులు వదిలేయడం కుదరదు. మొత్తంగానే తీసుకోవాలనుకుంటే పిల్లల పేరున ఫిక్స్‌డ్ డిపాజిట్లు చేయించి, ప్రతి మే నెలలో ఒకటి గడువు తీరేలా పెట్టించుకోండి. అన్నీ ఒకే డిపాజిట్‌లో పెడితే మధ్యలో విరగ్గొట్టాల్సి వస్తుంది.

5. కుదరకపోతే కోర్టు. ఏ దారి మీది?

మూడు దారులు ఎక్కువగా వాడతారు.

భారతీయ నాగరిక సురక్షా సంహిత సెక్షన్ 144. పాత పేరు సీఆర్‌పీసీ 125, 2024 జూలై 1 నుంచి నంబరు మారింది. ఏ మతం వాళ్ళకైనా వర్తిస్తుంది. పాతబస్తీ నుంచి ఒక చెల్లి "మాకు ఇది ఉండదట కదా" అని అడిగింది. ఉంటుందమ్మా. ముస్లిం పిల్లలకి కూడా ఈ సెక్షన్ కింద హక్కు ఉందని సుప్రీంకోర్టు 1997లోనే చెప్పింది. పెళ్ళి కాకుండా పుట్టిన పిల్లలకీ ఉంది.

విడాకులో, కాపురానికి రమ్మనే కేసో ఇప్పటికే నడుస్తుంటే హిందూ వివాహ చట్టం సెక్షన్ 26. ఇందులో పిల్లల సంరక్షణ, పోషణతోపాటు చదువు అనే మాట నేరుగా ఉంది.

ఇంట్లో హింస జరిగి ఉంటే గృహహింస చట్టం, 2005లోని సెక్షన్ 20. రక్షణ ఉత్తర్వులు, పిల్లల ఖర్చు ఒకే పిటిషన్‌లో అడగొచ్చు.

ఒకటికంటే ఎక్కువ వేయొచ్చు. కానీ మొదటి దాంట్లో వచ్చిన ఆర్డర్ రెండోదాంట్లో తప్పకుండా చెప్పాలి. దాస్తే మీకే నష్టం.

ఎక్కడ వేయాలి? మీరు ఇప్పుడు ఉంటున్న చోటే వేయొచ్చు. అతను బెంగళూరులో ఉన్నా మీరు అక్కడికి తిరగనక్కర్లేదు. హైదరాబాద్ ఫ్యామిలీ కోర్టు పురానీ హవేలీలో ఉంది. రంగారెడ్డి జిల్లా పరిధిలో ఉన్నవాళ్ళు ఎల్బీ నగర్ కోర్టులకి వెళ్తారు. మీ ఇల్లు ఏ పోలీస్ స్టేషన్ కిందికి వస్తుందో చెబితే పరిధి ఏదో లాయర్ చెప్పేస్తారు. మన ఊళ్ళో రోడ్డుకి ఇటు ఒక జిల్లా, అటు ఒక జిల్లా. వేయకముందే తేల్చుకోండి.

లాయర్ ఫీజు గురించి టెన్షన్ పడేవాళ్ళకి: ఆడవాళ్ళకీ పిల్లలకీ ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీల చట్టం సెక్షన్ 12 ఇచ్చిన హక్కు అది. 15100కి ఫోన్ చేయండి, లేదా కోర్టు ప్రాంగణంలో ఉండే లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్ళండి. ఉద్యోగం చేస్తున్న ఆడవాళ్ళు కూడా మొహమాటపడక్కర్లేదు.

6. పిటిషన్‌లో ఏం అడగాలి

ప్రధాన పిటిషన్‌తోపాటే మధ్యంతర మనోవర్తి కోసం ఐఏ (కేసు నడుస్తుండగా వేసే మధ్యంతర దరఖాస్తు) వేయించండి. ఇది మరిచిపోతే కేసు తేలేదాకా చేతికి రూపాయి రాదు. నోటీసు అందిన 60 రోజుల్లో వీలైనంతవరకు తేల్చాలని చట్టంలోనే ఉంది. నిజానికి వాయిదాలు పడి ఇంకా ఆలస్యమవుతుంది, అందుకే జూన్ ఫీజు కోసం జూన్‌లో కోర్టుకి వెళ్తే కుదరదు. జనవరి, ఫిబ్రవరిలోనే కదలాలి.

పిటిషన్ చివర మీరు కోరేవి రాసే భాగాన్ని ప్రార్థన అంటారు. అందులో నెల మొత్తం ఒక వరసలో, స్కూలు ఫీజు వేరే వరసలో రాయించండి. "మరియు విద్యా ఖర్చులు" అని ఊరికే రాస్తే ఆర్డర్ కూడా అలాగే వస్తుంది, తర్వాత అమలు చేయించలేరు. ఏ స్కూలు, ఏ తరగతి, ఎన్ని టర్ములు, ఏ తేదీకి ఎంత, అన్నీ రాయాలి.

రజనీష్ తీర్పు ప్రకారం ఇద్దరూ ఆస్తులు, అప్పుల అఫిడవిట్ వేయాలి. ఇక్కడ నిజం రాయండి. మీకు ట్యూషన్లు చెప్పగా వచ్చే ఆరువేలున్నా రాయండి. అబద్ధపు అఫిడవిట్ మీద చర్య తీసుకోవచ్చు. అంతకంటే ముందు, జడ్జి మీ మిగతా మాటలు కూడా నమ్మరు. అవతలివాళ్ళు జీతం దాస్తే వాళ్ళ ఆఫీసు నుంచి జీతం వివరాలు తెప్పించమని కోర్టుని అడగొచ్చు.

కోచింగ్, ఫౌండేషన్ క్లాసులు, కరాటే, సంగీతం కూడా అడగొచ్చు, కానీ సబబుగా ఉండాలి. విపరీతమైన ఖర్చుకి కోర్టు ఒప్పుకోదు. పిల్ల ఇప్పటికే చదువుతున్న స్కూలు ఫీజు అడగడం తేలిక. విడిపోయాక ఏకపక్షంగా రెండింతలు ఖరీదైన ఇంటర్నేషనల్ స్కూలుకి మార్చి ఆ బిల్లు పంపితే గెలవడం కష్టం.

మనోవర్తి పిటిషన్ వేసిన తేదీ నుంచి లెక్కిస్తారు. మీరు ఆలోచిస్తూ కూర్చున్న ఏడాది లెక్కలోకి రాదు.

7. ఆర్డర్ వచ్చాక అదేరోజు చూడాల్సినవి

సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి. అది చేతికి రాగానే పెన్సిల్ పట్టుకుని చదవండి: పిల్లల పేరు, పుట్టినతేదీ సరిగ్గా ఉన్నాయా? మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఒకటేనా? ఏ తేదీ నుంచి? నెలలో ఏ తేదీలోపు? ఏ ఖాతాకి? చదువు ఖర్చు అదనమా, కలిపా? ఈ చివరి ప్రశ్నకి ఆర్డర్‌లో స్పష్టమైన జవాబు లేకపోతే వెంటనే లాయర్‌కి చెప్పండి. నెలలు గడిచాక చెబితే దాన్ని ఎవరికి వాళ్ళు తమకి అనుకూలంగా అర్థం చేసుకుని ఉంటారు.

కేసు వాయిదాలు ఈకోర్ట్స్ యాప్‌లో సీఎన్ఆర్ నంబరు (ప్రతి కేసుకీ విడిగా ఉండే నంబరు) కొట్టి మీరే చూసుకోవచ్చు. పదహారు అక్షరాల నంబరు అది, ఫోన్‌లో దాచుకోండి.

తర్వాత స్కూలుకి వెళ్ళండి. కస్టడీ ఆర్డర్ కాపీ ఒకటి ఇవ్వండి, ఇద్దరి ఫోన్ నంబర్లూ ఎక్కించమని రాతపూర్వకంగా అడగండి. పోర్టల్ లాగిన్ తండ్రి నంబరు మీదే ఉంటే డ్యూ మెసేజ్‌లు మీకు రావు, లేట్ ఫీజు పడ్డాకే తెలుస్తుంది. స్టాఫ్‌ని మీ పక్షాన మాట్లాడమని మాత్రం అడగకండి. మేము అలా చిక్కుకున్న ప్రతిసారీ చివరికి ఇబ్బంది పడింది పిల్లలే.

8. కట్టేటప్పుడు రసీదు మీద ఒక కన్ను

నేను కళ్ళారా చూసిన తప్పు ఇది. ఫీజు ఎవరు కట్టినా రసీదు మీద విద్యార్థి పేరు, తండ్రి పేరే ప్రింట్ అవుతాయి చాలా స్కూళ్ళలో. ఒకావిడ మూడేళ్ళు గాజులు తాకట్టు పెట్టి నగదుగా కట్టింది. కోర్టులో ఆయన అవే రసీదుల జిరాక్సులు పెట్టి "ఫీజులన్నీ నేనే కట్టాను, నా పేరే ఉంది చూడండి" అన్నాడట. ఆవిడ మళ్ళీ మా కౌంటర్‌కి వచ్చింది. నగదు కట్టినట్టుంది గానీ ఎవరు కట్టారో మా పుస్తకంలోనూ లేదు. గాజులు తాకట్టు పెట్టిన చీటీల తేదీలు, రసీదుల తేదీలు పక్కపక్కన పెట్టి చూపించాల్సి వచ్చింది.

అందుకని నగదు కట్టొద్దు. మీ సొంత ఖాతా నుంచి, మీ పేరున ఉన్న యూపీఐ నుంచి కట్టండి. తమ్ముడి ఫోన్ నుంచి కొట్టేయొద్దు. తప్పక నగదే కట్టాల్సి వస్తే రసీదు మీద "తల్లి ద్వారా చెల్లింపు" అని రాయించి సంతకం, స్టాంపు వేయించండి. చెల్లింపుకి నోట్ రాసే చోటు ఉంటే "6వ తరగతి, టర్ము 1" అని రాయండి. వాట్సాప్ స్క్రీన్‌షాట్లు, ఈమెయిళ్ళు కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ జతచేయాలి. లాయర్‌కి గుర్తుచేయండి, ఫోన్ మార్చినా పాత చాట్లు తీసేయకండి.

పన్ను మాట కూడా ఒకటి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్ళకి ట్యూషన్ ఫీజు మీద మినహాయింపు ఉంది, అది కట్టినవాళ్ళకే. బస్సు, డొనేషన్ అందులోకి రావు. ఒకే రసీదుని ఇద్దరూ చూపించకూడదు.

9. ఆర్డర్ ఉన్నా కట్టకపోతే

ఎదురుచూడకండి. సెక్షన్ 144 కింద బాకీ వసూలుకి వారెంట్ అడగాలంటే, ఆ బాకీ పడిన తేదీ నుంచి ఒక ఏడాదిలోపే దరఖాస్తు వేయాలి. "పోనీలే, వచ్చే ఏడాది అడుగుదాం" అని ఊరుకుని పాత బాకీ పోగొట్టుకున్నవాళ్ళు ఎంతమందో. రెండు నెలలు డబ్బు రాకపోతే మూడో నెలలో కదలండి. జీతం జప్తు అడగొచ్చు, ఆస్తి జప్తు అడగొచ్చు, కావాలని ఎగ్గొడితే జైలుకీ పంపొచ్చు. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్నవాళ్ళ విషయంలో ఇక్కడున్న ఫ్లాట్, స్థలం, బ్యాంకు ఖాతా వివరాలే మీకు ఆధారం. ముందు చెప్పిన జాబితాలో వాటిని రాయమన్నది ఇందుకే.

ఫీజు పెరిగినా, ఒకరి ఉద్యోగం పోయినా, ఆర్డర్ మార్చమని సెక్షన్ 146 కింద అడగొచ్చు. తండ్రులూ వినండి: ఉద్యోగం పోతే కట్టడం మానేసి కూర్చోకండి. వెంటనే ఈ పిటిషన్ వేయండి. కోర్టు మార్చేదాకా పాత ఆర్డరే నడుస్తుంది, బాకీ పేరుకుపోతుంది.

ఈలోపు స్కూలు ఒత్తిడి తెస్తే ప్రిన్సిపల్‌కి ఒక లెటర్ ఇవ్వండి, కేసు నంబరు వేసి, రెండు వాయిదాల్లో కడతానని తేదీలు రాసి. నా అనుభవంలో తేదీ రాసిచ్చిన పేరెంట్‌కి చాలాసార్లు గడువు దొరికింది, ఫోన్ ఎత్తని పేరెంట్‌కి దొరకలేదు. ఎనిమిదో తరగతి వరకు పిల్లల్ని స్కూలు నుంచి వెళ్ళగొట్టకూడదని విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 చెబుతోంది. ప్రభుత్వ స్కూలుకి మార్చాల్సి వస్తే టీసీ ఆలస్యమైందన్న కారణంతో చేర్చుకోకుండా ఉండకూడదు.

ఎంత వయసు దాకా?

కొడుకుకి మామూలుగా 18 ఏళ్ళ దాకా. ఇంటర్ అయ్యేసరికే ఆ వయసు వచ్చేస్తుంది, కాలేజీ ఫీజు అసలు చిక్కు అప్పుడే. రాజీలో రాసుకునేవాళ్ళు "డిగ్రీ పూర్తయ్యేవరకు" అని పెట్టించుకోండి. పెళ్ళికాని కూతురికి, తనని తాను పోషించుకోలేని పరిస్థితిలో, 1956 చట్టం ప్రకారం 18 దాటాక కూడా హక్కు ఉంటుంది.

ఏడాదికోసారి సరిచూసుకోవడం

ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ఐదు గడులు చాలు: గడువు తేదీ, దేనికి, ఎంత, ఎవరు కట్టాలి, ఏ రోజు ఎలా కట్టారు. ఏప్రిల్ చివర్లో స్కూలు నుంచి లెడ్జర్ కాపీ తెచ్చి ఈ పుస్తకం పక్కన పెట్టండి. రెండింట్లో మొత్తాలు కలవాలి. కలవకపోతే ముందు లేట్ ఫీజులు చూడండి, తర్వాత బస్సు ఫీజు. నాకు తేడా వచ్చిన ప్రతిసారీ ఈ రెండింట్లో ఒకటే కారణం. కలిశాక కొత్త ఏడాది ఫీజు స్ట్రక్చర్ అడిగి తీసుకుని, 3వ అంచెలో ఉన్న మెసేజ్ మే మొదటి వారంలో పంపేయండి. లెడ్జర్ కాపీ ఫోటో తీసి, అదే ఈమెయిల్‌కి జతచేయండి.